పెంటమ్మ ఇసుక గొయ్యి

అనగనగా ఒక ఊరు. ఎంత అనగనగా అంటారా? మీ తాతకి మీసం మొలవకముందు, ఆయన తాతకి పళ్ళు ఊడకముందు. ఊఁ కొట్టండి మరి. ఊఁ కొట్టనివాళ్ళకి రేపు ముల్లంగి కూరే.

ఆ ఊరి చివర పెంటమ్మ అని ఒక ముసలావిడ ఉండేది. పేరు విని ముక్కు మూసుకోకండి. ముందు పుట్టిన పిల్లలు దక్కకపోతే, తర్వాతి పిల్ల మీద చావు కన్ను పడకుండా అలాంటి పేరు పెట్టేవాళ్ళు. ఆవిడకి నా అన్నవాళ్ళు లేరు. పెరట్లో మడులున్నాయి. అన్నిట్లోనూ ముల్లంగే. పొద్దున ముల్లంగి, మధ్యాహ్నం ముల్లంగి, రాత్రికి ఉంటే ముల్లంగి, లేకపోతే ముల్లంగాకు. ఆవిడ వీధిలోకి వస్తోందని గాలి ముందే చెప్పేది. పిల్లలు ముక్కు మూసుకునేవాళ్ళు. పెద్దలు మర్యాదస్తులు కదా, కొంగు అడ్డం పెట్టుకునేవాళ్ళు.

చలికాలంలో పెంటమ్మ ముల్లంగి తవ్వేది. ఆకు, కాడ కోసేసేది. మన్ను దులిపేది, కడిగేది కాదు. పార తగిలి తెగిన దుంపని పక్కన పెట్టి ఆ పూటే వండుకునేది. మిగిలినవి వసారాలో గొయ్యి తీసి, చెమ్మ ఇసుకలో ఒకదానికొకటి తగలకుండా పేర్చి, పైన ఇసుక కప్పేది. ఎండలు ముదిరాక ఆవిడకి అదే తిండి.

ఊళ్ళోవాళ్ళకీ చెప్పేది. "ఆకు ఉంచకండి. నీళ్ళు తగలనివ్వకండి. దెబ్బ తగిలింది దాయకండి."

"స్నానం నీకే కాదు, నీ ముల్లంగికీ పడదా పెంటమ్మా!" అని ఊరు నవ్వేది.

ఒక ఏడు మిడతల దండు దిగింది. వరి తినేసింది, జొన్న తినేసింది, చిక్కుడు పాదులు తినేసింది. మట్టిలో ఉన్నదే మిగిలింది. ఊరంతా ఎగబడి, ఎప్పుడో వేసి మరిచిపోయిన ముల్లంగి తవ్వుకున్నారు. కాలవలో తళతళా కడిగారు. మిడతలు కొరికి వదిలిన కాడలతోనే బుట్టల్లో కుక్కారు. అమావాస్య వచ్చేసరికి ఇంటింటా కంపు. ముక్కు మూసుకోవలసింది ఇప్పుడెవరో మీరే చెప్పండి.

పెంటమ్మ గొయ్యి మాత్రం చల్లగా ఉంది. అడిగితే ఇచ్చేదే. కానీ నవ్విన నోటితో అడగడం ఎలా? అడగడానికి సిగ్గేసింది. తవ్వడానికి వెయ్యలేదు.

ఆవిడ పుల్లలకి వెళ్ళినప్పుడు ఒకరోజు మునసబు గునపంతో పొడిచాడు. ఇంకోరోజు పక్కింటి ఈరమ్మ కొడవలితో గీకింది. మరోరోజు వడ్రంగి బ్రహ్మయ్య ఉలితో తవ్వాడు, పనివాడు కదా. నేనొక్కణ్ణే కదా, రెండు దుంపలే కదా అని ఎవరికి వాళ్ళే అనుకున్నారు. బాగున్నవి పట్టుకుపోయారు. తెగినవాటిని అక్కడే వదిలి, పైన ఇసుక సర్దేశారు.

పెంటమ్మ వచ్చి ఇసుక చూసింది. అది తన చెయ్యి సర్దిన ఇసుక కాదు. గొయ్యి తెరిస్తే గాలి తగిలి బాగున్నవి కూడా వడలిపోతాయి. తెరవకపోతే, లోపల తెగిన దుంప ఉంటే అన్నిటినీ కుళ్ళబెడుతుంది. ఎండాకాలం దాటడానికి ఆవిడకున్నది ఆ గొయ్యి ఒక్కటే. అందుకని అడగడానికి బయల్దేరింది.

ముందు మునసబు ఇంటికి పోయింది. "బాబూ, నా గొయ్యి ఎవరైనా తవ్వారా? తిట్టను. తిన్నది అడగను. తెగింది ఉందో లేదో చెబితే చాలు."

"మా ఊళ్ళో దొంగలా? కోళ్ళు గీకి ఉంటాయి, పోవే," అన్నాడు మునసబు, వస్తున్న త్రేన్పు ఆపుకుంటూ. అది ముల్లంగి త్రేన్పే. కానీ రోజూ అందులోనే ఉండే పెంటమ్మకి ఆ వాసన ఎలా తెలుస్తుంది పాపం!

తర్వాత ఈరమ్మ గడప ఎక్కింది. "వదినా, తిట్టను. తిన్నది అడగను. తెగింది ఉందో లేదో చెప్పు."

"నా మీదే అనుమానమా! పందికొక్కులు వదినా. ఈ ఏడు వాటికి మాత్రం తిండేది?"

చివరికి బ్రహ్మయ్య దగ్గరికి పోయింది. "తమ్ముడూ, తిట్టను. తిన్నది అడగను. తెగింది ఉందో లేదో చెప్పరా."

బ్రహ్మయ్య ఉలి నూరుతూ తల వంచుకున్నాడు. నోరు తెరిచాడు కూడా. అంతలో భార్య లోపల్నుంచి తొంగి చూసింది. "గాలక్కా. మొన్న వీచింది కదా, ఆ గాలి," అన్నాడు.

"అంతే అయ్యుంటుందిలే. ఇంతమంది అబద్ధం ఎందుకాడతారు?" అనుకుని పెంటమ్మ ఇంటికి పోయింది. గొయ్యి తెరవలేదు.

ఎండలు ముదిరాక తెరిచింది. చెయ్యి పెడితే చెయ్యంతా జిగురు. మూడు దుంపలు సగం కుళ్ళినా, వాటి మీది దెబ్బలు మాత్రం ఇంకా కనిపిస్తున్నాయి. ఒకదానికి గునపం పోటు. ఒకదానికి కొడవలి కోత. ఒకదానికి ఉలి గాటు, చక్కగా, నున్నగా.

పెంటమ్మ ఎవరి గడపా ఎక్కలేదు. ఎవర్నీ తిట్టలేదు. ఆ మూడింటినీ కడగకుండా తన గడప మీద వరసగా పెట్టి, వాటి పక్కన కూర్చుంది. దారిన పోయేవాళ్ళు ముక్కు మూసుకుని పోయారు. తొలకరి పడేసరికి పెంటమ్మ లేదు.

ఆవిడని మోసుకుపోవడానికి వచ్చినవాళ్ళు గడప మీద ఎండిపోయిన దుంపలు చూశారు. ఎవరి గాటు వాళ్ళకి తెలిసింది. బ్రహ్మయ్య తన గాటున్న దుంపని పైకెత్తాడు. "నా చేత్తోనే తెగింది పెంటమ్మక్కా!" అన్నాడు. ఈరమ్మ కూడా అంది. మునసబు అన్నాడా అంటే, ఆయన ఆకాశం వైపు చూస్తూ వాన సంగతి మాట్లాడాడట.

ఇప్పటికీ ఆ ఊళ్ళో ముల్లంగి తవ్వేటప్పుడు దుంప తెగితే ఎవరూ దాయరు. పైకెత్తి, అందరికీ వినపడేలా "నా చేత్తోనే తెగింది పెంటమ్మా!" అని అరుస్తారు. దాన్ని గడప మీద పెట్టి, ముందు వచ్చినవాళ్ళకి ఇచ్చేస్తారు. పిల్లలకి అదొక ఆట. అరవడం కోసమే ఒకటి తెగ్గొడతారు.

ముల్లంగి దగ్గర ఆ ఊరంత నిజాయితీ మరెక్కడా దొరకదు. మిగతా విషయాల్లో అంటారా? ఇంకా కోళ్ళే గీకుతున్నాయి, పందికొక్కులే తవ్వుతున్నాయి, గాలే వీస్తోంది.