సాయంత్రపు తూకం

పొద్దున అడిగిన ప్రశ్నకు పొద్దునే జవాబు చెప్పే అలవాటు కోటమ్మ పెద్దమ్మకు లేదు. చీరాలలో నలభై ఏళ్లు చేనేత చీరల మూట భుజాన వేసుకుని ఇంటింటికీ తిరిగి అమ్మిన మనిషి ఆవిడ. ఇప్పుడు ఆ పని మా ముగ్గురు ఆడపిల్లలకు నేర్పుతోంది. ఏదడిగినా "సాయంత్రం చెప్తాలే" అంటుంది. మొదట్లో తెలియక దాటేస్తోందనుకున్నాం. మాకు నోరెక్కువ. ఎదుటివాళ్ల మాట ముగిసేలోగా మూడు జవాబులు సిద్ధం చేసుకునే రకం. ఆవిడ దగ్గర మాత్రం పొద్దున పదునుగా ఉన్న మా వాదన పొద్దుగూకేసరికి మొద్దుబారిపోయేది.

ఒక శుక్రవారం పొద్దున హిమబిందు పెద్దమ్మ ఇంటికి తన ప్రశ్న తెచ్చింది. బిందు మాలో అందరికంటే చిన్నది. వారంలో మూడు రోజులు రైలెక్కి బాపట్ల వెళ్లి ఎంబీఏ చదువుతుంది, మిగతా మూడు రోజులు మాతో మూట మోస్తుంది. చదువుకీ, చీరల ఫొటోలు చూపడానికీ కలిపి ఒక ల్యాప్‌టాప్ కొనాలి. ఒక్కటే కొనగలదు, ఒక్కసారే కొనగలదు. పోయిన సెమిస్టర్లో ఒక సబ్జెక్టు తప్పింది కాబట్టి వాళ్లన్న గిరిధర్ గడువు కూడా పెట్టాడు: "ఈసారీ తప్పావంటే రెండింట్లో ఒకటి మానెయ్యాల్సిందే. చదువో చీరలో నువ్వే తేల్చుకో." ఆ గిరిధర్ ఉద్యోగం చేస్తూ ఆదివారాలు క్రికెట్టు ఆడుతూ పాటల పోటీలకు కూడా వెళ్లేవాడు. అతన్ని ఏదో ఒకటి తేల్చుకోమని ఆ ఇంట్లో ఎవరూ అడిగిన పాపాన పోలేదు.

"షాపులో రెండు చూశాను పెద్దమ్మా. ఒకటి పెద్ద తెర, గట్టిది. ఛార్జర్‌తో కలిపి రెండు కిలోల ముప్పావు. రెండోది చిన్న తెర, పలచనిది. ఛార్జర్‌తో కిలోన్నర. ఏది తీసుకోమంటారు?"

నేను ఊరుకోలేదు. "పెద్దదే తీసుకో. అంచులో బుటా ఎలా ఉందో కనపడొద్దూ? పది చీరలు మోసేదానివి, ఒకటింబావు కిలో నీకొక లెక్కా?"

బిందుకు కూడా మనసు పెద్దదాని మీదే ఉంది. "షాపులో రెండూ ఒక్కో చేత్తో ఎత్తి చూశాను. తేడా ఏమీ తెలియలేదు" అంది.

"ఎప్పుడు ఎత్తావు?" అని అడిగింది పెద్దమ్మ.

"ఆదివారం పొద్దున పదింటికి."

"భుజాన ఏమన్నా ఉందా అప్పుడు?"

"ఏమీ లేదు."

"ఏసీ ఉంటది గదా షాపులో?"

"ఉంది."

పెద్దమ్మ నవ్వుకుంది. "కిలోలు నాకెందుకమ్మా, చీరల్లో చెప్పు" అంది. ఇంట్లో నూలు తూచే త్రాసు ఉంది. చీరలు తూచి చూస్తే పెద్ద ల్యాప్‌టాప్ బరువు ఆరు చీరలకూ, చిన్నదాని బరువు మూడు చీరలకూ సరిపోయింది. ఆరు చీరలు తీసి పాత దుప్పటి గుడ్డలో ముడివేసి బిందు ముందు పెట్టింది. "ఇదిగో నీ పెద్ద తెర. విప్పకూడదు, అమ్మకూడదు. ఊరికే మోసుకు తిరుగు. సాయంత్రం మాట్లాడుకుందాం."

బిందు తన మామూలు సంచిలో పది చీరల పైన ఆ ముడి కూడా పెట్టుకుంది. పట్టలేదు. సంచిని మంచం మీద దించి, ఏదో తీసి, మళ్లీ సర్ది భుజానికెత్తుకుంది. నేను చెప్పుల కోసం వెతుక్కుంటున్నాను, పట్టించుకోలేదు.

మా తిరుగుడులో ఒక పద్ధతి ఉంది. మధ్యాహ్నం ఎండ ముదిరాక తెలిసినవాళ్ల వరండాలో గంటసేపు ఆగుతాం. మేం కబుర్లు చెప్పుకుంటాం, పెద్దమ్మ ఫోన్లో కొత్త చీరల ఫొటోలు పంపుతుంది, బిందు పుస్తకం తీస్తుంది. వాళ్ల సిలబస్‌లో సగం ఆ వరండాల్లోనే పూర్తయిందని వేళాకోళం చేసేవాళ్లం. ఆరోజు బిందు పుస్తకం తీయలేదు. గోడకు ఆనుకుని భుజం ఒత్తుకుంటూ కళ్లు మూసుకుంది.

నాలుగింటికి అపార్ట్‌మెంట్ల వైపు వెళ్లాం. లిఫ్టు చెడిపోయింది. మూడో అంతస్తులో రత్నకుమారి గారని ఒకావిడ ఉంటుంది. ఆవపువ్వు రంగు మీద మెరూన్ అంచు కావాలని నెల నుంచీ చెబుతోంది. ఆ చీర బిందు సంచిలోనే ఉంది. బిందు మెట్ల దగ్గర ఆగి పైకి చూసింది.

"ఇవాళ ఇంట్లో ఉండరేమో పెద్దమ్మా. పెళ్లికి వెళ్లి ఉంటారు."

"ఎవరి పెళ్లి?"

"ఎవరిదో ఒకరిది ఉంటుందిగా, ముహూర్తాల రోజులు..."

"ఏమ్మా కోటమ్మా! కిందే నిలబడ్డారేం, పైకి రారా?" అని పైనుంచి కేక. రత్నకుమారి గారు పెళ్లిలో లేరు, బాల్కనీలో బట్టలు ఆరేస్తున్నారు.

నేను పకపకా నవ్వాను. బిందు ముఖం ఎర్రబడింది. పెద్దమ్మ నవ్వలేదు, కోప్పడనూ లేదు. బిందు సంచిలోంచి ఆ ఒక్క చీరా తీసుకుని, మోకాళ్ల మీద చెయ్యేసుకుంటూ తనే మూడంతస్తులూ ఎక్కింది. దిగినప్పుడు చేతులు ఖాళీగా ఉన్నాయి.

ఇంటికి చేరేసరికి దీపాల వేళయింది. బిందు సంచి దించగానే పెద్దమ్మ ఆరు చీరల ముడి బయట పెట్టింది. "షాపులో ఎత్తినట్టే ఒంటి చేత్తో ఎత్తు." బిందు ఎత్తింది. ముడి మోకాలి దాకా వచ్చి మళ్లీ నేలకు దిగింది.

"తెలిసింది పెద్దమ్మా. భుజం పట్టేసింది. తేలికదే తీసుకుంటాను."

నాకు ఓడిపోవడం ఇష్టం ఉండదు. "భుజం పది రోజుల్లో అలవాటు పడుతుంది. మీకు పడలేదా?" అన్నాను.

"పడతది. గాడిదకీ పడతది" అంది పెద్దమ్మ. "నేను భుజం గురించి అడగట్లా." మంచం మీది దిండు తీసింది. కింద లావుపాటి పుస్తకం ఒకటి ఉంది, బిందు తప్పిన సబ్జెక్టుది. "పొద్దున దీన్ని సంచిలోంచి తీసిందెవరు?"

బిందు తల దించుకుంది.

"నేను తియ్యమన్నానా?"

"లేదు."

"మీ అన్న తియ్యమన్నాడా?"

"లేదు పెద్దమ్మా."

పెద్దమ్మ ఆ మాట అక్కడే వదిలేసి పొయ్యి దగ్గరకు వెళ్లిపోయింది. గిరిధర్ పెట్టిన గడువుకు ఇంకా నాలుగు నెలలుంది. చదువో చీరలో ఆ ఆరు చీరలు ఒక్క పూటలోనే తేల్చేశాయి: సంచిలోంచి బయటికి పోయింది పుస్తకమే.

మర్నాడు తిరుగుడు అయ్యాక, ఇంటికి పోకుండా, బిందు సరాసరి షాపుకు నడిచింది. భుజాన పది చీరల సంచి, అందులో పుస్తకం. తోడు నేను. షాపతను మర్యాదస్తుడు. "ఇంకా తేలికది కూడా వచ్చింది మేడమ్, కిలో కూడా ఉండదు" అని కాగితంలాంటిది ఒకటి చూపించాడు.

"పొద్దున ఏడింటికి తెరిస్తే ఛార్జింగ్ సాయంత్రం దాకా ఆగుతుందా?" అంది బిందు.

"మధ్యాహ్నం ఒకసారి ఛార్జింగ్ పెట్టుకోవాలి."

"ఎవరి వరండాలో పెట్టుకోమంటారు?"

అతనికి అర్థం కాలేదు. కిలోన్నరది సాయంత్రం దాకా ఆగుతుందని చెప్పాడు. బిందు అతన్ని అడిగి, దాన్ని ఛార్జర్‌తో సహా తన సంచిలో పెట్టుకుని, షాపు మెట్లు మూడుసార్లు ఎక్కి దిగింది. బేరానికి వచ్చినవాళ్లంతా వింతగా చూశారు. మూడోసారి దిగి వచ్చినప్పుడు చెమట పట్టింది గానీ, ముఖం మాత్రం వెలిగిపోతోంది. "ఇదే ఇవ్వండి" అంది.

సోమవారం పొద్దున్నే దాన్ని తెచ్చి, తెరిచి పెద్దమ్మకు చూపించింది. అంచులు పెద్దవి చేసి చూపించింది, రంగులు మార్చి చూపించింది. పెద్దమ్మ తెర వంక చూసి, "బాగుందిలే. చీర పట్టుకుని చూడకుండా ఎవరు కొంటారే?" అంది. ఏ కంపెనీది అని కూడా అడగలేదు. పెద్దమ్మే బిందు సంచి దగ్గరకు జరుక్కుని లోపలికి చెయ్యి పెట్టి తడిమింది. వేళ్లు పుస్తకం అట్టను తాకాయి. చెయ్యి తీసేసి లేచింది.

"పాండి. ఇయాళ ముందు రత్నకుమారి గారింటికి."

నేను ఆగలేకపోయాను. "మొన్ననేగా పెద్దమ్మా ఆవిడ చీర తీసుకుంది?"

"ఆవిడ తీసుకుంది" అంది పెద్దమ్మ, చెప్పుల్లో కాళ్లు పెడుతూ. "ఈ పిల్లే ఇంకా ఆ మెట్లు ఎక్కలా."