బాతులు మేసే వేళ

ఫాల్గుణం వచ్చిందంటే కొండ కింది జలాశయానికి పట్నం నుంచి మనుషులు వచ్చేవారు. తల మీద నల్లని అడ్డపట్టీలున్న బాతులు చలికాలమంతా అక్కడ గడిపి, ఎండలు ముదరకముందే హిమాలయాలు దాటి వెళ్లిపోతాయి. అవి వెళ్లేలోగా ఒకసారి చూడాలని అందరికీ ఆశ. వాళ్లకు దారి చూపే పని కొండ మీది బౌద్ధ విహారంలో ఉండే సుమనుడనే భిక్షువుది.

సుమనుడికి ఒకటే చిక్కు. బాతులు ఎగరవు. ఒడ్డున తల వంచుకుని గడ్డి మేస్తూనే ఉంటాయి. వచ్చినవాళ్లు కాసేపు బైనాక్యులర్లలో చూసి, "ఇంతేనా?" అనేవారు. ఆ మాట తననే అన్నట్టు బాధపడేవాడు.

ఒక ఉదయం ఉండబట్టలేక, ఒంటిమీది కాషాయ చీవరం ఎగ్గట్టి, చప్పట్లు కొడుతూ వాటి మీదికి పరుగెత్తాడు. గుంపంతా ఒక్కసారిగా లేచింది. రెక్కల చప్పుడుకి నీళ్లు వణికాయి. జనం కేరింతలు కొట్టారు. ఒక పెద్దాయనైతే కళ్లు తుడుచుకున్నాడు.

అప్పటి నుంచి అదే అలవాటైంది. బాతులు వాలడం, సుమనుడు లేపడం.

చూడ్డానికి వచ్చిన విశాలాక్షి అనే నర్సు మాత్రం అడిగింది. "వాటికి ఇబ్బంది కాదా స్వామీ?"

"రెక్కలున్నవి ఎగరడానికే కదమ్మా," అని నవ్వేశాడు.

కానీ ఆ ప్రశ్న అతన్ని వదల్లేదు. సాయంత్రం గురువు బోధిపాల దగ్గరికి వెళ్లి, జరిగిందంతా చెప్పి అడిగాడు.

"నలుగురికి ఆనందం పంచితే పుణ్యమే కదా, భంతే?"

"రేపు మధ్యాహ్నం నువ్వు కొండ దాటి అవతలి విహారానికి వెళ్లాలి. అక్కడ భిక్షువుకు జ్వరంగా ఉందట. మందులు ఇచ్చి, మర్నాడు తిరిగి రా," అన్నాడు గురువు.

మర్నాడు సుమనుడు భిక్షాపాత్ర ముందు పెట్టుకుని కూర్చున్నాడు. దూరం నడవాలి. పొద్దు నడినెత్తికొస్తే భిక్షువులు ఇక ముద్ద ముట్టరు. గబగబా కలుపుకుని నోటి దగ్గరికి తెచ్చాడు.

"సుమనా, ఒకసారి ఇలా రా," అని వసారా చివర నుంచి గురువు పిలిచాడు.

చెయ్యి కడుక్కుని వెళ్లాడు. గురువు అతన్ని ఎగాదిగా చూసి, "ఏం లేదు. వెళ్లి తిను," అన్నాడు.

రెండు ముద్దలు తిన్నాడో లేదో, మళ్లీ పిలుపు. మళ్లీ లేచాడు. మళ్లీ ఏం లేదు.

అలా ఎన్నిసార్లో. చివరిసారి వెళ్లేసరికి సుమనుడి గొంతులో కోపం దాగలేదు.

"ఎందుకు పిలుస్తున్నారు, భంతే?"

"నువ్వు నడిచి వస్తుంటే నీ చీవరం ఎండలో భలే మెరుస్తోందయ్యా. చూడబుద్ధేసింది."

సుమనుడు నోరు తెరిచేలోగా విహారంలో మధ్యాహ్నపు గంట మోగింది. పాత్రలో అన్నం అలాగే ఉండిపోయింది. గురువు మందుల సంచి అతని చేతికిచ్చాడు.

గురువుకి చాదస్తం వచ్చిందనుకుంటూ సుమనుడు కొండెక్కాడు. సగం దూరం పోయేసరికి ఆకలికి కళ్లు తిరిగి ఒక రాయి మీద కూలబడ్డాడు. ఇంకా సగం కొండ ఉంది.

కింద జలాశయం కనిపిస్తోంది. ఒడ్డున బాతులు మేస్తున్నాయి. ఎవరో కుర్రాడు చొక్కా విప్పి ఊపుతూ, అచ్చం తనలాగే వాటి మీదికి పరుగెత్తాడు. గుంపు లేచింది.

"ఆపు!" అని అరవబోయాడు సుమనుడు.

ఊపిరి కూడదీసుకుని లేచాడు. ఆగి ఆగి నడిచి, చీకటి పడుతుండగా మందులు చేర్చాడు.

మర్నాడు సాయంత్రం తిరిగొచ్చేసరికి గుంపులో చాలా బాతులు వెళ్లిపోయాయి. ఒంట్లో సత్తువ చాలక ఇంకా బయల్దేరలేని కొన్ని మాత్రం ఒడ్డున మిగిలాయి. పట్నం నుంచి కొత్తగా వచ్చినవాళ్లు అతన్ని చూడగానే చుట్టూ మూగారు.

"మీరు లేపుతారటగా స్వామీ! ఒక్కసారి లేపండి."

సుమనుడు దూరంగానే ఆగి, నేల మీద చతికిలబడ్డాడు.

"కూర్చోండి," అన్నాడు మెల్లగా.

"ఎంతసేపు?"

"వాటి కడుపు నిండేదాకా."

ఒకరి మొహాలొకరు చూసుకుని వాళ్లూ కూర్చున్నారు. ఎవరూ కదల్లేదు. బాతులు మేసుకుంటూ మేసుకుంటూ వాళ్ల దగ్గరికి వచ్చాయి. ముక్కులతో గడ్డి తెంపుతున్న చప్పుడు అందరికీ వినిపించింది.