నిమ్మచెట్టు బుట్ట తిరిగిచ్చిన సంగతి

ఒకప్పుడు నిమ్మకాయ తీయగా ఉండేది, నిమ్మచెట్టుకు ముళ్ళుండేవి కావు. చిన్న కథే, రెండు మాటల్లో చెప్పేస్తాను. మా అచ్చియ్యమ్మ పిన్నిలా కాదు. ఆవిడ ఒక్క మాట చెప్పి పోతానని గుమ్మంలో నిలబడితే లోపల పొయ్యి మీద పప్పు మాడుతుంది. పోయినవారం మాది మాడింది. అదే తిన్నాం.

ఎక్కడున్నాం? నిమ్మచెట్టు దగ్గర.

ఊళ్ళో పిల్లలు దాని కాయల్ని పండకముందే కోసుకు తినేవారు. అసలు పిల్లలకంటే ముందు వాళ్ళ తాతలు కోసేవారు, పేరు మాత్రం పిల్లలది. ఒక్క కాయైనా పండి రాలితే, గింజ మొలిచి తన కాళ్ళ దగ్గర ఓ పిల్లమొక్క ఉంటుందని నిమ్మచెట్టు ఆశ. ఏళ్ళు గడిచాయి, ఒక్కటీ మొలవలేదు.

పక్కనే రేగుచెట్టు. ఒళ్ళంతా ముళ్ళు, కాయ వట్టి చప్పన. దాని జోలికి ఎవరూ పోయేవారు కాదు.

"వదినా, కాసిని ముళ్ళు ఇస్తావా?" అని అడిగింది నిమ్మ.

"తీసుకుపో. బుట్ట మాత్రం తిరిగి పంపు. తుమ్మ పట్టుకెళ్ళిన చేట ఇంతవరకూ రాలేదు" అంది రేగు.

నిమ్మ కొమ్మకొమ్మకూ ముళ్ళు గుచ్చుకుంది. ఇక బుట్ట ఇచ్చెయ్యాలి. అరువు తెచ్చిన గిన్నెను మా వైపు ఎవరూ ఖాళీగా తిరిగివ్వరు. చెట్టు దగ్గర ఇంకేముంటుంది? కాయల్లోని తీపి పిడికెడు తీసి వేసింది. బుట్ట పెద్దది. మరో పిడికెడు వేసింది.

చెల్లెలు బత్తాయి చూసి, "ఏమే అక్కా, బుట్ట తిరిగిస్తున్నావా, సారె పంపుతున్నావా?" అంది.

"అడుగు కనబడితే ఏం బాగుంటుందే" అంటూ నిమ్మ ఉన్నదంతా వంపేసింది. కాయల్లో పులుపొక్కటే మిగిలింది.

బత్తాయి ఎవరినీ ఏమీ అడగలేదు, ఎవరికీ ఏమీ పెట్టలేదు. ఇప్పటికీ తీయగానే ఉంది.

మర్నాడు తాతలు వచ్చారు. చేతులు గీరుకున్నాయి. కాయ కొరికి, మొహాలు చిట్లించి, కొత్తగా తీపెక్కిన రేగుచెట్టు వైపు నడిచారు. మళ్ళీ రాలేదు. నిమ్మకాయలు మొదటిసారి పచ్చగా పండాయి. రేపో మాపో రాలతాయి.

అప్పుడు అచ్చియ్యమ్మ పిన్ని వాళ్ళ ముత్తవ్వ గడకర్రతో వచ్చింది.

"పులుపైతే ఏమైంది, ఇంట్లో ఉప్పూ కారం ఉన్నాయిగా" అని ఒక్క పండు మిగల్చకుండా దులుపుకుపోయింది. ఊరగాయ పెట్టి, గింజలు పెరట్లో అంట్లు తోమే చోట పారేసింది. ఏడాది తిరిగేసరికి ఊరంతా అదే పని చేసింది.

అప్పటినుంచే నిమ్మకు ముళ్ళూ పులుపూ, రేగుపండుకు తీపీ. నిమ్మమొక్కలు ఇంటింటి పెరట్లోనూ అంట్లు తోమిన నీళ్ళు పారే చోట మొలుస్తున్నాయి. తల్లిచెట్టు కింద మాత్రం ఇప్పటికీ ఒక్కటీ లేదు.