నెయ్యి కరగని గది

"పొయ్యిలో నిప్పమ్మా, పొద్దాకా ఉండమ్మా..." ఆపై చరణం గవరమ్మకి ఎంతకీ గుర్తురాలేదు. అసలు పొయ్యంటూ వెలిగితేగా! ఈ చలికి రాణిగారి మేడ వెచ్చబెట్టాలని, కొండవాలు గుడిసెల్లోని కట్టెలన్నీ కోటకి తెమ్మన్నారు. ఇక మనవలకి గంజి కాచేదెలా?

ఆస్థాన శిల్పి వాచస్పతి రాణిగారి మేడకి మట్టితో చిన్న నమూనా చేశాడు. ఏ గది ఎంత వెచ్చబడుతుందో చూడ్డానికి గదిగదికీ ఓ నిప్పుకణిక, ఓ నెయ్యిబొట్టు పెట్టాడు. అన్నింట్లో నెయ్యి కరిగింది, ఒక్కదాంట్లో పేరుకునే ఉంది. "కట్టెలు చాలవు, ఇంకా తెప్పించాలి" అన్నాడు.

కట్టెలమోపుతో కొలువుకి వచ్చిన గవరమ్మ నమూనాలోకి తొంగిచూసింది. నెయ్యి కరగనిది వసారా. మూడువైపులే గోడలు.

"ఇదీ గదేనా బాబూ?"

"నా లెక్కలో గదే!"

"మరి నాలుగో గోడేదీ?"

"ఎదురుగా కొండ లేదూ!" గద్దించాడు శిల్పి.

గవరమ్మ ముఖం విప్పారింది. రాణికి చేతులు జోడించింది.

"అమ్మా, ఆ కొండకి ఇవతలివాలులోనే మా గుడిసెలు. అంటే మేమంతా తమ గదిలోనే కాపురముంటున్నాం. మా పొయ్యిలో కట్టెలు తీసి, మళ్లీ మా గదికే వేయడం దేనికి తల్లీ?"

కొలువంతా ఘొల్లున నవ్వింది. శిల్పి గబగబా వసారాని లెక్కలోంచి కొట్టేశాడు. రాణి నవ్వాపుకోలేక కళ్లు తుడుచుకుంది.

"మీ కట్టెలు మీరే ఉంచుకోండి అవ్వా. ఎలాగూ ఒకే గదిలో ఉంటున్నాం కదా, రేప్పొద్దున నీ పొయ్యిమీద ఏది ఉడికినా నాకూ ఓ గిన్నెడు పంపు!"