తొక్క ఎవరి వంతు?

యవ్వనం నిలబడాలని రాజుగారికి ఎర్ర ఆపిల్, రాణిగారికి పసుపుది, మంత్రికి పుల్లటి పచ్చది పెట్టించేవాడు ఆస్థాన వైద్యుడు భైరవశర్మ. ఆ పండ్లలో తనకూ ఓ వాటా ఉండేది. తొక్క చెత్త అని తీయించేవాడు. వంటింటి దాసి ముత్యాలి ఆ మూడు రకాల తొక్కలూ తింటూ దొరికిపోయింది.

"ప్రభువుల మందు దొంగిలించింది! కొరడాలతో కొట్టించి వెళ్లగొట్టండి," అన్నాడు శర్మ.

ముత్యాలి మాట తడబడలేదు. "తొక్క చెత్తయితే నాది దొంగతనం కాదు మారాజా. మందయితే, ఇన్నేళ్లూ తమ నోటిదాకా రానివ్వకుండా పారేయించింది ఈ అయ్యగారే గదా?"

రాజు వాడిపోయిన మంత్రినీ, నిగనిగలాడే ముత్యాలినీ మార్చిమార్చి చూశాడు. తొక్కతోనే పండు కొరికాడు.

"మందే! ఇక తొక్క తీయొద్దు."

"మరి నా గతేంటి మారాజా?"

"రోజుకో పండు తీసుకో. శర్మగారి వాటాలోంచి."