నడుం మరిచిన కోడె

రాక్షస నామ సంవత్సరం, వేసవి. ఉగాది నాటికే ఎండలు ముదిరాయి, వాగు ఎండిపోయింది. ఆ వేసవిలోనే చెంచురామయ్య పొలానికి కరెంటు మోటారు వచ్చింది. మోటబావి గట్టు మీది దూలాలు పీకించి పొయ్యిలోకి కొట్టించాడు. నీళ్ళు తోడిన బానను దొడ్లో ఒక మూల బోర్లించాడు. బావి దగ్గర మిగిలింది ఎడ్లు నడిచిన వాలు ఒక్కటే.

మోట తోలే రోజుల్లో ఎడ్లు ఆ వాలు దిగితే బాన పైకొచ్చేది. నీళ్ళు కాలవలో పడ్డాక అవి వెనుదిరగకుండా, ముఖం కిందికే పెట్టి, అడుగు వెనక అడుగు వేస్తూ వాలు ఎక్కేవి. బాన మళ్ళీ బావిలోకి దిగేది. ముందుకు దిగడం ఏ పశువైనా దిగుతుంది. వెనక్కి ఎక్కడంలోనే ఉంది పని. పొట్ట లోపలికి బిగించి, నడుం నిటారుగా పట్టకపోతే వెనక కాళ్ళు జారతాయి.

మైలోడు ఆ పనిలో ముసలివాడైన ఎద్దు. కాడికి ఎడమ వైపు, దాపట కట్టేవాళ్ళు. వాడి జత ఎద్దు అంతకు ముందు చలికాలంలో పోతే, చెంచురామయ్య సంతలో ఒక కోడెను కొనుక్కొచ్చి కుడి వైపు, వలపట కట్టాడు. వాడు పుల్లోడు. ఎర్రటి ఒళ్ళు, గోపురంలాంటి మూపురం, మోకాళ్ళ దాకా వేలాడే గంగడోలు. దారిన పోయేవాళ్ళు ఆగి చూసేవాళ్ళు. చూస్తున్నారని పుల్లోడికి తెలుసు.

ఒక సాయంత్రం గడ్డివామి దగ్గర చెంచురామయ్య బావమరిదితో మాట్లాడుతుంటే మైలోడు విన్నాడు. నీళ్ళకు మోటారు ఉంది, దుక్కికి ట్రాక్టరు అద్దెకు దొరుకుతోంది, ఇంక ఎడ్లెందుకు అంటున్నాడు బావమరిది. వైశాఖం తిరునాళ్ళలో బండలాగుడుకు కడతాను, బండ లాగి పేరు తెస్తే ఉంచుకుంటాను, లేకపోతే వీటి మేత కూడా దండగే అన్నాడు చెంచురామయ్య.

మైలోడు ఆ మాట పుల్లోడికి చెప్పాడు. దాచాల్సిన మాట కాదు, ఇద్దరి ప్రాణాలూ దాని మీదే ఉన్నాయి.

పుల్లోడు బెదరలేదు. బండే కదా, లాగేద్దాం అన్నాడు.

"ఎట్లా లాగుతావురా?" అని అడిగాడు మైలోడు.

"కాళ్ళున్నాయి, తంతాను. మూపురం ఉంది, మోస్తాను. ఇంకేం కావాలి పెద్దయ్యా?"

"కాళ్ళు నేలను తన్నిన తన్ను మూపురం దాకా రావాలి కదా. ఏ దారిన వస్తుంది?"

పుల్లోడు ఆలోచించలేదు. మైలోడే చెప్పాడు.

"నడుం మీదుగా రావాలి. కాలవ గట్టు గుల్లగా ఉంటే నీళ్ళు మడి దాకా వస్తాయా? నీ నడుం ఇప్పుడు ఆ గట్టు లాగానే ఉంది. పొట్టా నడుమూ గట్టిపడాలి. తిరునాళ్ళ లోపల గట్టిపడతాయి, నాతో వాలెక్కు."

అప్పటినుంచి దుక్కి విడిచి మేతకు వదిలినప్పుడల్లా మైలోడు పుల్లోణ్ణి మోట వాలు దగ్గరికి తీసుకుపోయేవాడు. ముఖం కిందికి పెట్టి నిలబడి, గాలి పీల్చి, పొట్ట బిగించి, వెనక్కి వెనక్కి ఎక్కేవాడు. మెడ మీద కాడి లేదు, వెనక బాన లేదు, అయినా ఎక్కేవాడు. చెంచురామయ్య అది చూసి, ముసలిదానికి మోట పిచ్చి వదల్లేదని నవ్వుకున్నాడు. కోడె బలానికి ఉలవలు ఇంకో శేరు పెంచాడు. ఆయనకు తెలిసిన బలం అంతే.

పుల్లోడు కొన్నాళ్ళు ఎక్కాడు. బాగా ఎక్కలేదు. నాలుగడుగులు వేసేసరికి పిరుదులు ఒక పక్కకు, మూపురం ఒక పక్కకు పోయేవి. కాళ్ళు వణికేవి. పొట్టలో ఎక్కడో, తనకు ఉన్నదని కూడా తెలియని చోట, మంట పుట్టేది. మైలోడు ఎంత దూరం ఎక్కావని అడిగేవాడు కాదు. మళ్ళీ దిగు, మళ్ళీ ఎక్కు అనేవాడు. ఎందుకని అడిగితే, నేను చేశాను కాబట్టి అనేవాడు. మొదటి రోజు కాలవ గట్టు సంగతి చెప్పినట్టు తర్వాత ఏదీ విడమరిచి చెప్పలేదు. ఒకసారి చెప్పిన మాట రెండోసారి చెప్పడం వాడికి చిన్నతనం.

బావి గట్టున పడుకునే బర్రె ఒకటి ఉండేది. దానికి ఇదంతా వేడుక.

"ఏం అబ్బీ, మీ ఊళ్ళో ఎడ్లు ముడ్డి ముందు పెట్టి నడుస్తాయా?" అని అడిగేది పుల్లోణ్ణి. "తిరునాళ్ళలో కూడా ఇట్లాగే వెనక్కి నడువు. బండే నిన్ను లాక్కుపోతుంది."

పుల్లోడి చెవులు వాలిపోయేవి. మైలోడికి బర్రె మాటలు వినపడనే లేదు.

ఆ బర్రె నవ్వును వాగు అవతలినుంచి ఒక నక్క కూడా విన్నది. ఊళ్ళో చచ్చిన పశువులను ఆ వాగులోనే పారేసేవాళ్ళు. ఈ వేసవిలో ఏ దొడ్లోనూ ఏదీ చావలేదు. నక్క పక్కటెముకలు లెక్కపెట్టేట్టు ఉన్నాయి. అది బక్కచిక్కి, మెల్లగా, ఒక మధ్యాహ్నం మైలోడు నీళ్ళకు పోయిన వేళ చూసి కంచె పక్కకు వచ్చింది.

"అల్లుడూ, బాగున్నావా?" అన్నది.

బాగానే ఉన్నాను మామా అన్నాడు పుల్లోడు, కొంచెం దూరం జరిగి.

నక్క వాడి చుట్టూ నెమ్మదిగా తిరిగింది. ఇంత మూపురం ఈ చుట్టుపక్కల చూడలేదన్నది. ఇంత గంగడోలు ఉన్న కోడెను ఆ ముసలాడు మోట వాలు మీద తలకిందులుగా నడిపిస్తున్నాడని విని ప్రాణం ఉసూరుమన్నదని చెప్పింది. ఆ మాటలు పుల్లోడికి ఉలవల కంటే రుచిగా ఉన్నాయి.

"నడుం గట్టిపడాలంట మామా."

"ఎవరికి కనబడుతుంది నీ నడుం? తిరునాళ్ళలో జనం దేన్ని చూసి ఈల వేస్తారు? మూపురాన్ని. పొట్ట ఉన్నది తినడానికి. దాన్ని మాడ్చి బిగించేవాడు మేత లేని ఇంటి ఎద్దు. మైలోడికి మూపురం జారిపోయింది, అందుకని నడుం గొప్ప అంటున్నాడు. తనకు ఉన్నదే గొప్ప అనడం ముసలివాళ్ళకు మామూలే."

పుల్లోడు ఇంకా తేల్చుకోలేదు. పెద్దయ్య అబద్ధం చెప్పడు అన్నాడు.

అబద్ధమో నిజమో నీ మూపురాన్నే అడుగు అన్నది నక్క. పొలం చివర పాతకాలపు మట్టిగోడ ఒకటి ఉంది. దాన్ని మూపురం ఆనించి తోసి చూడమన్నది. అంతకు ముందే ఆ గోడ అవతలి పక్క పునాది కింద నక్క తన గోళ్ళతో బొరియలు తవ్వి పెట్టింది. గోడ అలవాటుకొద్దీ నిలబడి ఉంది. ఇవతలి పక్కనుంచి అదేం తెలియదు.

పుల్లోడు పోయి మూపురం ఆనించాడు. పెద్దగా తోయకుండానే గోడ దుమ్ము రేపుకుంటూ కూలిపోయింది.

దుమ్ములో నిలబడ్డ పుల్లోణ్ణి చూసి నక్క వాగు దారి పట్టింది.

ఆ సాయంత్రం మైలోడు పిలిస్తే పుల్లోడు వాలు దగ్గరికి రాలేదు.

"నేను గోడ పడగొట్టాను పెద్దయ్యా. ఒక్క తోపుకు."

"గోడ కదలకుండా నిలబడేది. బండ నిన్ను వెనక్కి గుంజేది. రెండూ ఒకటి కాదు."

"నీకు చేతకానిది నేను చేస్తే ఓర్చుకోలేకపోతున్నావు."

మైలోడిది మొండి నోరు. బతిమాలడం రాదు. ఇంకొకడైతే గోడ దగ్గరికి పోయి పునాది చూసి వచ్చేవాడు, బొరియలు కనిపించేవి. వీడు పోలేదు. "సరే, నీ ఇష్టం," అని ఒక్కడే వాలు దగ్గరికి నడిచాడు. ఆ తర్వాత నడుం మాట వాడి నోట రాలేదు. పుల్లోడు గాడి దగ్గర ఉలవలు తిన్నాడు, తెలకపిండి తిన్నాడు, నీడన పడుకుని నెమరేశాడు. మూపురం ఇంకా పెరిగింది. పొట్ట గుండ్రంగా, వదులుగా కిందికి దిగింది. బర్రె కూడా వాడిప్పుడు కోడెలా ఉన్నాడని మెచ్చుకుంది.

తిరునాళ్ళ రోజు ఇద్దరికీ కొమ్ములకు రంగు పూసి, మెడలో గంటలు కట్టారు. బరిలో ఇసుక పోసి నీళ్ళు చల్లారు. పుల్లోడు బరిలోకి రాగానే జనం ఈలలు వేశారు. నక్క చెప్పినట్టే అయింది. మైలోణ్ణి చూసి, ఈ ముసలిదాన్ని ఎందుకు కట్టారని ఎవరో అన్నారు.

చెంచురామయ్య చర్నాకోల ఆడించాడు. బండ కదిలింది. కదిలిన బండ బాగానే నడిచింది, ఇద్దరూ ఆ చివర దాకా లాక్కుపోయారు. అక్కడ బండను మలిపి మళ్ళీ ఇటు లాగాలి. మలిపేటప్పుడు బండ మూల తడి ఇసుకలో దిగబడింది. ఆగిపోయిన బండను మళ్ళీ కదిలించాలి.

గొలుసు బిగుసుకుంది. మైలోడు మెడ వంచి, పొట్ట బిగించి, తన పక్క కాడిని పైకెత్తి పట్టాడు. పుల్లోడి పక్క కదలలేదు. కాళ్ళు తన్నుతున్నాయి, మూపురం కాడికి ఒత్తుకునే ఉంది, మధ్యలో నడుం గిన్నెలా లోపలికి కుంగిపోతోంది. తన్నిన తన్నంతా అక్కడే ఆగిపోతోంది.

ఇన్నాళ్ళకు మైలోడు నోరు విప్పాడు.

"పొట్ట బిగించరా."

"ఎట్లాగో తెలియడం లేదు పెద్దయ్యా."

"వాలు మీద బిగించావే, అట్లాగే."

"రావడం లేదు."

చర్నాకోల ఇంకోసారి పడింది. పుల్లోడు ఉన్న బలమంతా పెట్టి ముందుకు దూకాడు. బండ దూకలేదు. గొలుసు వెనక్కి గుంజింది. వెదురు పగిలినట్టు చప్పుడు అయింది. పుల్లోడి వెనక కాళ్ళు రెండూ రెండు పక్కలకు జారి, వాడు పొట్ట మీద కూలబడ్డాడు. కాడి వాడి మెడ మీద పడకుండా మైలోడు రెండు పక్కల బరువూ ఎత్తి పట్టుకుని నిలబడ్డాడు. మనుషులు పరుగెత్తుకొచ్చి పలుపులు విప్పేదాకా నిలబడ్డాడు. వాడి కాళ్ళు వణకలేదు.

పుల్లోణ్ణి బండి మీద ఇంటికి తెచ్చారు. ఎడ్ల వైద్యుడు వచ్చి నడుం మీద వాతలు పెట్టాడు. వాత పెట్టినా వెనక భాగం ఉలిక్కిపడలేదు. ఆయన ఇనుప కడ్డీ పక్కన పెట్టి, ఇది ఇంక లేవదు అని చెప్పి వెళ్ళిపోయాడు.

దొడ్లో ఇద్దరే మిగిలారు. ఈగలు ముసురుతున్నాయి. పుల్లోడు తోకతో తోలబోయాడు, తోక కదల్లేదు.

"పెద్దయ్యా, ఇప్పుడు చెప్పు. పొట్ట ఎట్లా బిగించాలి? ఇప్పుడు చేస్తాను."

మైలోడు నెమరేయడం ఆపాడు. మెడ చాపి పుల్లోడి వీపు మీది ఈగలు తోలాడు, తాడు పొడుగు ఉన్నంత మేర.

పెంట దిబ్బ పక్కన నీడన పడుకోబెడితే గాలి తగులుతుందని పాలేర్లు పుల్లోణ్ణి గోనెపట్ట మీద పొలం అంచుకు ఈడ్చారు. మధ్యాహ్నం వేళ నక్క వచ్చి కంచెకు ఇవతలే కూర్చుంది. ఈసారి దాక్కోలేదు.

"మామా, నువ్వు చెప్పినట్టే చేశాను," అన్నాడు పుల్లోడు.

"చేశావు అల్లుడూ. అందుకే వచ్చాను."

పుల్లోడికి అప్పుడు అర్థమైంది. అర్థమైనా లేచి కొమ్ము విసరడానికి నడుం లేదు.

పైకి కనబడే బలాన్ని మోసేది లోపలి బలమే. దాన్ని పెంచుకోనివాడు తాను పడడమే కాదు, పక్కవాణ్ణీ పడేస్తాడు.

పుల్లోడి కళేబరాన్ని వాగులో పారేశారు. జత లేని ఎద్దుకు దొడ్లో పని లేదు, ముసలి ఎద్దుకు కొత్త జతను ఎవరూ వెతకరు. మైలోణ్ణి సంతకు తోలారు. అక్కడ ఒక బేరగాడు వాడి నడుం తట్టి, పొట్ట నొక్కి, ఈ వయసులో ఇంత గట్టిగా ఉందేమిటని మెచ్చుకుని కొన్నాడు. అతను కొన్నది కసాయి కోతకు.