మూడో చరణం తర్వాత

"ఆగండి, ఆగండి! అవ్వా, నువ్వే. మళ్ళీ నువ్వే!"

కృపాదానం డప్పు పుల్లలు రెండూ నేలకేసి కొట్టాడు. పాట ఆగిపోయింది. ముందు వరసలో కూర్చున్న ఎస్తేరమ్మ తాళాలు ఒళ్ళో పెట్టుకుని తల దించుకుంది. ఆమెకి డెబ్బై దాటాయి. నలభై ఏళ్ళుగా ఆశ్రమం ప్రార్థనలో ఆ చోటు ఆమెదే.

ఆశ్రమం అంటే పెద్దదేమీ కాదు. సున్నపురాతి గనుల పక్కన రేకుల ప్రార్థనశాల, ఓ రెండు వేపచెట్లు, సుగుణానందం అయ్యగారు. గనుల్లో రాయి కొట్టేవాళ్ళు పని దిగి, ఒళ్ళు కడుక్కుని అక్కడికొచ్చి పాడుకుంటారు. వాళ్ళ పాటల్లోకెల్లా పాతది, పేరు పెట్టి పిలిచే దేవుడి మీద కట్టిన కీర్తన. ఏటా ఆశ్రమం పండగనాడు అది పాడి తీరాల్సిందే. పాడితే ఇరవై నిమిషాలకి తక్కువ కాదు. ఆ సాగదీత భరించలేక కుర్రకారు ఒక్కొక్కరే జారుకుని, పోయిన పండక్కి అందరూ వేపచెట్టు కిందే నిలబడిపోయారు.

అప్పుడు అయ్యగారు కృపాదానాన్ని పిలిచి, "దీనికి నువ్వేదైనా చెయ్యరాదూ?" అన్నారు.

కృపాదానం ఆయన దగ్గర శిష్యుడిగా చేరి రెండేళ్ళయింది. పాట పట్నంలో నేర్చుకున్నాడు, డప్పు తండ్రి దగ్గర నేర్చుకున్నాడు. తండ్రి పోయాక ఆ డప్పొకటే భుజాన వేసుకుని ఇక్కడికొచ్చాడు. నెల్లాళ్ళు కూర్చుని కీర్తనని డప్పు దరువుకి కట్టాడు. మాట ఒక్కటీ ముట్టుకోలేదు, నడక మాత్రం మార్చాడు. మొదటిసారి వాయించిన రోజు చెట్టు కింది కుర్రాళ్ళు లోపలికొచ్చి చప్పట్లు అందుకున్నారు. రెండ్రోజులపాటు అతని కాళ్ళు నేలమీద ఆనలేదు.

ఇబ్బందల్లా మూడో చరణం దగ్గరే. అది కాగానే పాత పాటలో కాస్త ఖాళీ వచ్చేది. పాటల పుస్తకంలో దాని ఊసే లేదు. ముసలివాళ్ళు ఊపిరి తీసుకోవడానికి ఆగుతున్నారు కాబోలు అనుకున్నాడు కృపాదానం. ఊపందుకున్న పాట అక్కడ చల్లబడకూడదని, ఆ ఖాళీలో పదహారు దెబ్బల దరువొకటి పెట్టాడు. మొత్తం పాటలో అతనికి ముద్దొచ్చే చోటు అదే.

మిగతావాళ్ళు తడబడుతూనే దానికి సర్దుకున్నారు. ఎస్తేరమ్మ మాత్రం నాలుగో చరణం సగమయ్యాక ఎక్కడో అందుకునేది. ఆమె తాళాలు నమ్ముకున్న వెనక వరసలు ఆమెతోపాటే దారి తప్పేవి.

"పదహారు దెబ్బలవ్వా. వేళ్ళ మీద లెక్కపెట్టుకో. అవి కాగానే పాట."

"అట్టాగే నాయనా."

మళ్ళీ మొదలుపెట్టేవాళ్ళు. మళ్ళీ అదే తంతు. ఈలోగా డప్పు చల్లారి చర్మం వదులైపోయేది. గడ్డి అంటించి, మంట సెగన కాగబెట్టి, బిగిసిందాకా ఆగి, మళ్ళీ పల్లవి నుంచి. ఆ సాయంత్రం కాగబెట్టడం అప్పటికి నాలుగోసారి. కళ్ళల్లో పొగ, గొంతులో మంట. పండగేమో ఇంక మూడు రోజుల్లో పడింది.

"నీకు చెవులు పని చేస్తున్నాయా అవ్వా?" అని అరిచేశాడు.

"ఇనపడతానే ఉంది నాయనా. మా బాగా కొడతన్నావు."

ఆమె నిజంగానే మెచ్చుకుంది. దాంతో అతనికి ఇంకా ఒళ్ళు మండింది. డప్పు చంకన పెట్టుకుని తిన్నగా అయ్యగారి గదికి నడిచాడు. అయ్యగారు కిటికీ దగ్గర కూర్చుని చిరిగిన దుప్పటి కుట్టుకుంటున్నారు.

"నావల్ల కాదయ్యగారూ. ఎస్తేరమ్మని వెనక వరసకి పంపండి. ఆ తాళాలు కూడా ఇంకెవరికైనా ఇవ్వండి. కుదరదంటే ఇదుగో డప్పు, మీరే వాయించుకోండి."

"ఏం చేసింది?"

"ఏమీ చెయ్యదు, అదే గొడవ! మూడో చరణం కాగానే పాడకుండా కూర్చుంటుంది. గోడకి చెప్పినా ఈపాటికి నేర్చుకునేది."

అయ్యగారు దారం కొరికారు. "ఎంతసేపు కూర్చుంటుంది?"

"నా పదహారూ అయిపోయి ఇంకో పాతిక దెబ్బలు పడేదాకా."

"లెక్క బాగానే పెట్టావే," అన్నారు అయ్యగారు. "రేపు నేనొస్తాను. ఆమెని వెనక్కి వెళ్ళమనాల్సి వస్తే నేనే చెబుతాలే."

కిటికీ అవతల ఎవరు విన్నారో, ఆ మాట తెల్లారేసరికి ఎస్తేరమ్మకి చేరిపోయింది. సాయంత్రం ఆమె తాళాలు పైటకొంగుతో తుడిచి తెచ్చి కృపాదానం ముందు పెట్టింది.

"నేను ఎనక కూకుంటాలే నాయనా. పాట చెడగూడదు. నామీద కోపం పెట్టుకోబాకు."

కృపాదానానికి సిగ్గనిపించింది. సిగ్గనిపించినందుకు చిరాకు కూడా వేసింది. అంతలో అయ్యగారు లోపలికొచ్చారు.

"ఈ ఒక్కపూటకి నీ చోట్లోనే కూర్చో ఎస్తేరూ," అని, తాళాలు తీసి ఆమె చేతికిచ్చి, తాను పోయి కృపాదానం పక్కన కూర్చున్నారు.

పాట మొదలైంది. మొదటి చరణం ఉరికింది, రెండోది ఇంకా బాగా కుదిరింది. వెనకనుంచి కుర్రాళ్ళ చప్పట్లు. మూడో చరణం అయింది. కృపాదానం తన పదహారు దెబ్బలకి పుల్లలెత్తాడు.

అయ్యగారు చెయ్యి చాచి అరచేతిని డప్పు మీద ఆనించారు. మొదటి దెబ్బ దబ్బుమని అక్కడే చచ్చిపోయింది.

"అయ్యగారూ, మీరు కూడానా!" అన్నాడు కృపాదానం పళ్ళబిగువున.

అయ్యగారు అతనికేసి చూడలేదు. చెయ్యీ తియ్యలేదు.

శాలంతా సద్దుమణిగింది. ఆ సద్దుమణిగినదాంట్లోంచి సన్నగా ఏదో గొణుగుడు వినపడింది. అతని ఎడమపక్క కూర్చున్న రాళ్ళ మేస్త్రి కళ్ళు మూసుకుని, "మా నాయన పున్నయ్య," అంటున్నాడు. రెండో వరసలో ఒక పిల్లతల్లి, "నా పెద్దబిడ్డ, పేరు పెట్టనేలేదు," అంటోంది. ఇంకెవరో "అక్క రాహేలు," అన్నారు. అందరివీ పెదాల చివరి మాటలే. డప్పు మోగుతుంటే పక్కవాడిక్కూడా వినపడవు.

ఒకరి తర్వాత ఒకరు ఊరుకున్నారు. ఎస్తేరమ్మ పెదాలు మాత్రం ఇంకా కదులుతూనే ఉన్నాయి. "మీకాయేలు... సామేలు... చిన్న సామేలు... దానమ్మ..." ఒక్కో పేరుకీ ఒక్కో వేలు ముడుస్తోంది. ఒక చేతి వేళ్ళు అయిపోయి రెండో చేతికొచ్చింది.

"ఇంకా ఉన్నారా?" అని గొణిగాడు కృపాదానం. గొంతులో కోపం లేదు.

"ఆమెకి పోయినవాళ్ళు తొమ్మిదిమంది," అన్నారు అయ్యగారు.

డప్పు చర్మం ఇంకా వెచ్చగా ఉంది. దాని అంచున, ఏళ్ళ తరబడి తండ్రి బొటనవేలు ఆని నున్నబడిన చోటే కృపాదానం వేలు కూడా ఉంది. తండ్రి పోయిన ఈ రెండేళ్ళలో ఆయన పేరు అతను ఒక్కసారైనా పైకి అనలేదు. ఇప్పుడు పెదాలు కదిపి, "యాకోబు," అన్నాడు. కళ్ళమ్మట నీళ్ళు కారిపోయాయి. తుడుచుకోలేదు.

అయ్యగారు డప్పు మీంచి చెయ్యి తీశారు.

"ఇప్పుడు కొట్టు."

కృపాదానం ఎస్తేరమ్మకేసి చూశాడు. ఆమె తొమ్మిదో వేలు ముడిచి, కళ్ళు తెరిచి, తల ఊపేదాకా పుల్ల ఎత్తలేదు.